బోర్డు కాగితంలో తుంటి ఊసే లేదు

2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఒకే తీర్పుతో మూడు వందల దాకా పిటిషన్లు కొట్టేసింది. అన్నీ కేంద్రం వేసినవే. మాజీ సైనికులకు వైకల్య పెన్షన్ ఇమ్మని సాయుధ దళాల ట్రిబ్యునల్ చెప్పింది, ప్రభుత్వం కుదరదంది, హైకోర్టు ట్రిబ్యునల్ చెప్పిందే సరైందంది. ఆ వార్త మా ఎక్స్ సర్వీస్‌మెన్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఎవరో ఒకరికి కొత్తగా దొరుకుతుంది, పెడతారు, ఇక గ్రూపంతా జైహింద్‌లు. అదే వార్త కింద బయటివాళ్లు రాసినవి చూస్తే ఇంకో లోకం. ఆఫీసులో కూర్చుని షుగర్ తెచ్చుకుంటే దానికీ పెన్షనా అని ఒకరు, మా నాన్న కూలి పని చేసి నడుం విరగ్గొట్టుకున్నాడు, ఆయనకెవరిచ్చారు అని ఇంకొకరు.

రెండోవాడి మాట నాకు గుచ్చుకుంది, అందులో నిజముంది కాబట్టి. కానీ రెండు వైపుల వాళ్లూ వదిలేస్తున్న సంగతి ఒకటుంది.

నేను ఫౌజులో క్లర్కుని. రైఫిల్ కంటే టైపు మిషను ఎక్కువ పట్టుకున్నవాణ్ణి. మెడికల్ బోర్డు అంటే వైకల్యం ఎంతో, అది సర్వీసు వల్ల వచ్చిందో కాదో తేల్చే డాక్టర్ల బృందం, దాని కాగితాలు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి, బయటికొచ్చాక మా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లవి ఇంకా ఎక్కువ వస్తున్నాయి. ఇంటింటి నుంచీ ఫౌజుకు వెళ్తారని పేరున్న మిలిటరీ మాధవరం ఊరున్న జిల్లా మాది, అప్పీలు రాసిపెట్టమనేవాళ్లకు కొదవ లేదు. వాటిలో తుంటి కేసు వచ్చినప్పుడల్లా నాకు ఒకటే కనిపిస్తుంది. జవాను ఓడిపోయినా సరే, గెలిచినా సరే, ఆ కట్టలో తుంటి గురించి ఒక్కరూ మాట్లాడి ఉండరు. బోర్డు మాట్లాడదు, అప్పీలు కమిటీ మాట్లాడదు, చివరికి జవాను పక్షాన తీర్పిచ్చిన ట్రిబ్యునల్ కూడా మాట్లాడదు. పెన్షన్ రావడం, రాకపోవడం తర్వాత సంగతి. కారణం రాయకుండా కాదనడం ఆగితే తప్ప ఈ అప్పీళ్లు తగ్గవనీ, ఆగాల్సింది కోర్టులో కాదు, మొదటి బోర్డు టేబుల్ దగ్గరేననీ నా అభిప్రాయం.

మోకాలికి ఎక్స్‌రే, రోగం తుంటిలో

మా బ్యాచ్‌వాడొకడున్నాడు. పేరు వద్దు. ఇంజనీర్స్‌లో చేశాడు. బీపీఈటీ పరుగు, అదే ఫౌజు ఫిట్‌నెస్ పరీక్ష, వీపు మీద పిట్టూ అనే సామాను సంచి, చేతిలో రైఫిల్‌తో ఐదు కిలోమీటర్లు, అయిపోయాక గజ్జల్లో సలుపుగా ఉందనేవాడు. కొన్నాళ్లకు నొప్పి మోకాలి దాకా దిగింది. ఎంఐ రూములో, అంటే యూనిట్ దవాఖానాలో, చూపించుకుంటే బ్రూఫెన్ ఇచ్చారు. మళ్లీ వెళ్తే మోకాలికి ఎక్స్‌రే తీశారు. మోకాలు శుభ్రంగా ఉంది. ఇంకోసారి వెళ్తే ఈసారి కామ్‌చోర్, అంటే పనిదొంగ, అన్న మాట వినిపించింది, వైద్యుడి నోట కాదు, బయట వరసలో నిల్చున్న వాళ్ల నోట. ఆ తర్వాత వాడు వెళ్లడం మానేశాడు.

తుంటి నొప్పి మోకాల్లో కనిపించడం వింతేం కాదు. ఎముకల డాక్టర్ ఎవరినడిగినా చెప్తారు, రెండింటికీ కొన్ని నరాలు ఒకటే. తొడ ఎముక పైన గుండ్రటి తల ఒకటి ఉంటుంది, అది కటి ఎముక గుంటలో తిరుగుతుంది. ఆ తలకు రక్తం తెచ్చే నాళాలు సన్నవి, ఎముక మెడను అంటిపెట్టుకుని పైకెక్కుతాయి. అవి తెగినా, మూసుకుపోయినా లోపల ఎముక చచ్చిపోవడం మొదలుపెడుతుంది. దాన్నే ఏవీఎన్ అంటారు, ఎవాస్కులర్ నెక్రోసిస్. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనపడదు, ఎమ్మారైలోనే బయటపడుతుంది. ఎక్స్‌రేలో కనపడే వేళకి చాలాసార్లు తల పైభాగం కుంగిపోవడం మొదలై ఉంటుంది, ఇక చాలామందికి మిగిలేది తుంటి మార్పిడే. ఎముక విరగడం, కీలు జారడం, ఎక్కువ కాలం వాడిన స్టెరాయిడ్లు, మితిమీరిన తాగుడు, సికిల్ సెల్ జబ్బు, లోతు నీళ్లలోంచి గబుక్కున పైకొచ్చే డైవర్లకు పట్టే గాలిబుడగల రోగం, ఇవన్నీ తెలిసిన కారణాలు. కోవిడ్‌లో స్టెరాయిడ్లు ధారాళంగా వాడాక ఈ మాట సామాన్య జనానికి కూడా తెలిసింది. ఇవేవీ లేకుండా వచ్చేది కూడా ఉంది, దానికి పెట్టిన పేరు ఇడియోపతిక్, అంటే ఎందుకొచ్చిందో తెలియదని.

మావాడికి చివరికి ఒక పెద్ద మిలిటరీ ఆసుపత్రిలో ఎమ్మారై తీసేసరికి ఈ ఏవీఎన్ రెండు వైపులా ఉంది. లో మెడికల్ కేటగిరీలో, అంటే పూర్తి ఫిట్ కాదనే వర్గంలో, పెట్టారు. రిటైర్మెంట్‌కి రిలీజ్ మెడికల్ బోర్డు, అంటే దిగేముందు పరీక్షించే బోర్డు, కూర్చుంది. వైకల్యం 40 శాతం అన్నారు, జీవితకాలం అన్నారు. పక్క గడిలో మాత్రం ఇడియోపతిక్, పీస్ స్టేషన్‌లో (సరిహద్దుకు, యుద్ధ రంగానికి దూరంగా ఉండే చోట) మొదలైంది, సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల పెరగలేదు అని రాశారు. ఫౌజులో దీన్ని నానా అంటారు, నైదర్ అట్రిబ్యూటబుల్ నార్ అగ్రవేటెడ్‌కి పొట్టి పేరు. ఆ గడిలో నానా పడిందంటే పక్క గడిలో 40 ఉన్నా, 80 ఉన్నా వైకల్య పెన్షన్ సున్నా.

పీస్ స్టేషన్ అన్న మాట చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంతకు ముందు సంవత్సరాల్లో వాడు కొండల మీద రోడ్లు వేశాడు, బెయిలీ వంతెనల ప్యానెళ్లు మోశాడు, రోజూ పొద్దున పరిగెత్తాడు. ఎముక లోపల ఎప్పుడు చావడం మొదలైందో ఎవరికీ తెలియదు, తెలిసే వీలూ లేదు, కానీ ఎమ్మారై తీసిన రోజున వాడు ఏ ఊళ్లో ఉన్నాడన్నది మాత్రం బోర్డుకు కారణమైపోయింది. 2025లోనే ఢిల్లీ హైకోర్టు ఒక షుగర్ కేసులో ఈ పీస్ స్టేషన్ వాదం ఒక్కటే సరిపోదు, ఎందుకు కాదో బోర్డు కారణాలు రాయాలి అని తేల్చింది. షుగర్‌కే సరిపోని వాదం తుంటికి ఎలా సరిపోతుంది?

నెలకు ఎంత కోసం ఈ గొడవ

లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే బయటివాళ్లు లక్షలనుకుంటున్నారు. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. చివరి జీతం 40,000 అనుకుంటే అది 12,000. మావాడి 40 శాతానికి 4,800. పైకి సవరించే పద్ధతి ఒకటుంది, 50 కంటే తక్కువుంటే 50గా, 50 నుంచి 75 మధ్య ఉంటే 75గా, అంతకు మించితే 100గా లెక్కేస్తారు. 2001లో వచ్చిన ఆ ఉత్తరువు సర్వీసు మధ్యలో జబ్బుతో పంపించేసిన వాళ్లకే అని ప్రభుత్వం పట్టుబట్టింది, పూర్తికాలం చేసి దిగినవాళ్లకూ వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. ఆ లెక్కన మావాడికి నెలకు 6,000, దాని మీద డీఏ.

దీని కోసం ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు, అది తోసేస్తే రెండో అప్పీలు, అదీ పోతే ట్రిబ్యునల్, మనవాళ్లకి చెన్నై బెంచి. అక్కడ గెలిస్తే ప్రభుత్వం హైకోర్టుకి. మధ్యలో కొన్నేళ్లు హైకోర్టు తలుపు మూసి ఉండేది, 2023లో సుప్రీంకోర్టు మళ్లీ తెరిచింది. తెరిచాక ఆ దారిలో జవాన్ల కంటే సర్కారువారే ఎక్కువ నడిచారేమో అనిపిస్తుంది, ఆ మూడొందల పిటిషన్లు చూస్తే. ఆరు వేల కోసం జవాను కోర్టుకెక్కడం అర్థమవుతుంది. ఆ ఆరు వేలు ఇవ్వకుండా ఉండడం కోసం సర్కారు వకీళ్లను పెట్టుకోవడం మాత్రం నాకింకా అర్థం కాలేదు. ఈ అలవాటు తగ్గించాలని 2015లో రక్షణ మంత్రి వేసిన నిపుణుల కమిటీయే చెప్పింది. చెప్పి పదేళ్లు దాటింది.

మొదటి అప్పీలుకు మావాడికొచ్చిన జవాబు నేను చూశాను. బోర్డు రాసిన వాక్యమే, ముందూ వెనకా మర్యాదలు తగిలించి తిరిగి పంపారు. మేము పంపిన ఎమ్మారై ప్రస్తావన లేదు. ఎంఐ రూముకి ఎన్నిసార్లు వెళ్లాడో తేదీలతో రాశాం, దాని ప్రస్తావనా లేదు.

కాలు మీద కాలు వేసుకోలేకపోతే

ఆ జవాబు వచ్చాక ఊరికే వెతుకుతుంటే అమెరికా వాళ్ల తీర్పులు దొరికాయి. అక్కడ వెటరన్స్ అప్పీళ్ల బోర్డు ఇచ్చే తీర్పులన్నీ పేర్లు తీసేసి బయట పెడతారు. తుంటి అని కొడితే కుప్పలు. కొన్ని చదివాను, చదువుతున్న కొద్దీ నాకు ఒళ్లు మండింది, వాళ్ల మీద కాదు.

వాళ్ల రేటింగ్ పట్టికలో తుంటికి ప్రత్యేకంగా కోడ్‌లున్నాయి. తొడ ముందుకు 45 డిగ్రీల వరకే లేస్తే 10 శాతం, 30 వరకే అయితే 20, 20 వరకే అయితే 30, 10 వరకే అయితే 40. పాదం పక్కకు 15 డిగ్రీలు మించి తిప్పలేకపోతే 10. తుంటి మార్పిడి చేస్తే ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు నూరు శాతం, అది 2021 దాకా ఏడాదుండేది, ఇప్పుడు నాలుగు నెలలకు తగ్గించారు, ఆ తర్వాత ఎంత బాగైనా 30కి తగ్గదు. వీటి మధ్యలో ఒక లైను చూసి ఆగిపోయాను. కాలు మీద కాలు వేసుకోలేకపోతే 10 శాతం. అంత మామూలు మాటల్లో, చట్టంలో.

మావాడి ఇంట్లో పోయిన కార్తీకంలో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. పీటల మీద వదిన ఒక్కర్తే కూర్చుంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాడు, తలపాగాతో, అక్షింతలు వెయ్యాల్సి వచ్చినప్పుడల్లా కుర్చీ చేతి మీద బరువు వేసి ఓ పక్కకు ఒరిగి పైనుంచి చల్లేవాడు, సగం కలశం మీద, సగం పంతులుగారి భుజం మీద పడేవి. బాసింపట్టు వేసుకోలేడు, గొంతుక్కూర్చోలేడు, మేజోడు వదిన తొడగాల్సిందే. ఇంట్లో ముందుగా డబ్బు ఖర్చు పెట్టింది మందులకు కాదు, కమోడ్‌కి. తుంటి పోయినవాడు మన ఇళ్లల్లో ఏమేం పోగొట్టుకుంటాడో అవి ఏ డిగ్రీల లెక్కలోనూ పూర్తిగా రావు, నిజమే. కానీ బోర్డు కాగితం చూడండి, అందులో తొడ ఎంత లేస్తుందన్న అంకె పక్కన ఒక్క మాట ఉండదు. మొత్తం కలిపి 40 శాతం, అంతే. ఆ నలభై ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయరు.

ఇంకో పెద్ద తేడా కారణం దగ్గరుంది. సర్వీసు వల్ల వచ్చుండటానికీ రాకపోయుండటానికీ రెండు వైపులా ఆధారం సరిసమానంగా ఉంటే వెటరన్‌కే అనుకూలంగా తేల్చాలని వాళ్ల చట్టం. డాక్టర్ ఊరికే కాదంటే చెల్లదు, ఎందుకు కాదో రాయాలి, అప్పీళ్ల బోర్డు కూడా తన కారణాలు రాయాలి, రాయకపోతే పై కోర్టు తిప్పి పంపుతుంది. నొప్పి ఎక్కువైన రోజుల్లో కీలు ఎంత కదులుతుందో కూడా డాక్టర్ అంచనా కట్టి చెప్పాలి, పరీక్ష రోజున బాగానే ఉన్నాడని దులుపుకుంటే కుదరదు. మోకాలు సర్వీసులో పోయి, ఆ కుంటు నడక వల్ల రెండో వైపు తుంటి అరిగితే ఆ తుంటిని కూడా సర్వీసు ఖాతాలో వేసే రూలుంది.

అక్కడంతా స్వర్గమని కాదు. తిప్పి పంపడం అన్నానే, అదే వాళ్ల రోగం. డాక్టర్ సరిగ్గా రాయలేదని వెనక్కి, కొత్త పరీక్ష, మళ్లీ బోర్డు, మళ్లీ వెనక్కి, ఇలా ఏళ్లకేళ్లు పోతాయి. అది భరించలేకే 2017లో చట్టం మార్చి 2019 నుంచి కొత్త పద్ధతి పెట్టుకున్నారు. ఆలస్యంలో వాళ్లూ మనమూ దొందూ దొందే. కానీ అక్కడ ఆలస్యం వాదన మీద జరుగుతుంది, మన దగ్గర వాదనే ఉండదు.

గెలిచిన తీర్పుల్లోనూ అంతే

మన రూల్స్ చెడ్డవా అంటే, కాదు. ఇదే నాకు విచిత్రంగా ఉంటుంది. వైకల్య పెన్షన్ ఎవరికి రావాలో చెప్పే 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్స్‌లో చాలా మంచి మాటలుండేవి. చేరేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నట్టు రాసుకుని చేర్చుకున్నారు కాబట్టి, తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలి, ఈ ఒక్క మాట 2008లో పోయింది. కాదని బోర్డు అంటే కారణాలు రాయాలి. నిరూపించే భారం జవాను మీద లేదు, అనుమానం ఉంటే లాభం జవానుకే. 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే ఎత్తి చెప్పింది. సిగ్నల్స్‌లో చేసిన జవాను, మూర్ఛ, 20 శాతం, తొమ్మిదేళ్లు కాకముందే బయటికి పంపేశారు. కారణం ఏమీ రాయకుండా కాదన్నారు కాబట్టి అతనికి పెన్షన్ ఇమ్మంది. 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసులో మళ్లీ అదే చెప్పింది.

అక్కణ్ణుంచి ట్రిబ్యునళ్లకు పని తేలికైంది. మీరు నాలుగు ఆర్డర్లు చదివితే ఐదోది చదవక్కర్లేదు. జబ్బు పేరు, శాతం, ధరమ్‌వీర్ సింగ్ నుంచి రెండు పేజీలు, రాజ్‌బీర్ సింగ్ నుంచి ఒక పేజీ, బోర్డు కారణం రాయలేదు కాబట్టి ఒప్పుకుంటున్నాం, రామ్ అవతార్ ప్రకారం 50కి పెంచి ఇవ్వండి. మూర్ఛ తీసేసి తుంటి పెట్టినా, తుంటి తీసేసి చెవుడు పెట్టినా ఆర్డరు మారదు. జవానుకు డబ్బొచ్చింది, నాకు సంతోషమే, నేనే రాసిచ్చిన అప్పీళ్లు అలా గెలిచాయి. కానీ చూడండి, బోర్డు తుంటి వైపు చూడకుండా కాదంది, ట్రిబ్యునల్ తుంటి వైపు చూడకుండా అవునంది. ఫౌజు నడక తుంటిని ఏం చేస్తుందన్న ప్రశ్న మొత్తం దారిలో ఒక్కసారీ పడలేదు.

ఆ ప్రశ్నకు జవాబు కొంతైనా ఉంది కూడా. కొత్తగా చేరిన రిక్రూట్లకు తొడ ఎముక మెడ దగ్గర సన్నగా బీటపడే గాయం ప్రపంచంలో అన్ని సైన్యాల డాక్టర్లకూ తెలుసు. అలవాటు లేని ఒంటికి ఉన్నట్టుండి పరుగులు, బరువు మోత, రోజంతా డ్రిల్లు, కాలు నడుం దాకా లేపి మడమతో సిమెంటు మీద కొట్టడం. గజ్జల్లో నొప్పిగా మొదలవుతుంది, మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు, కండరం పట్టేసిందనుకుంటారు. పట్టించుకోక అది పూర్తిగా విరిగి పక్కకు జరిగితే ఎముక తలకు రక్తం ఆగి ఏవీఎన్ రావచ్చు. అంటే ఒక జవాను ఫైల్లో ట్రైనింగ్ సెంటర్ రోజుల్లో గజ్జల నొప్పి అని ఒక్క ఎంట్రీ ఉంటే, పదిహేనేళ్ల తర్వాత బోర్డు దాన్ని వెతికి చూడాలి. చూసి, అది దీనికి సంబంధం లేదంటే లేదని రాయాలి. నేను చూసిన ఏ బోర్డు కాగితంలోనూ ఎవరూ ట్రైనింగ్ సెంటర్ దాకా వెనక్కి వెళ్లలేదు.

ఫైల్లో ఎంట్రీ ఉంటే అన్నాను. అదీ కష్టమే. లో మెడికల్ కేటగిరీ పడితే ప్రమోషన్ ఆగుతుంది, కోర్సులు పోతాయి, యూనిట్‌లో మొహం చెల్లదు. అందుకని నాయక్ అయ్యేదాకా ఒకడు, హవల్దార్ అయ్యేదాకా ఇంకొకడు నొప్పి మింగి పరిగెడతారు. దిగేటప్పుడు చూస్తే సర్వీసులో నొప్పి ఉన్నట్టు కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి నొప్పి లేదు.

అవతలి వాళ్ల మాటలు

దీని మీద నాకు గట్టిగా అడ్డుపడింది ఒక రిటైర్డ్ మిలిటరీ డాక్టరుగారు. మంచి మనిషి, బోర్డుల్లో చాలా కూర్చున్నాడు. "ఏమని రాయమంటావయ్యా? ఇడియోపతిక్ అంటే సైన్సుకే తెలియదని అర్థం. సైన్సుకు తెలియనిది ఆ పూట పదిహేను బోర్డులున్న నేను ఎలా రాసేది?" అన్నాడు. తెలియదని రాయండి సార్ అన్నాను. తెలియదంటే రూలు ప్రకారం జవానుకు పోతుంది, పోనివ్వండి, అది మీ దయ కాదు, రూలు. ఆయన నవ్వి, "తెలియదని రాసిన డాక్టర్ని పైవాడు ఊరుకుంటాడనుకున్నావా" అన్నాడు. ఆ ఒక్క మాటలో నాకు చాలా అర్థమైంది. బోర్డు డాక్టరు కూడా యూనిఫారంలో ఉన్నవాడే, ఆయనకూ పైన ఒకరుంటారు.

దుర్వినియోగం లేదా అంటే ఉంది. జవాన్ల కంటే ఆఫీసర్లలోనే వైకల్య పెన్షన్‌తో దిగేవాళ్ల వాటా ఎక్కువగా ఉందని కాగ్ ఎత్తి చూపింది. రిటైర్మెంట్ దగ్గర పడ్డాక ఉన్నట్టుండి బీపీ కనిపెట్టించుకునే పెద్దమనుషుల గురించి మాకు తెలియంది కాదు, వాళ్ల కాగితాలూ నేనే టైపు చేశాను. ఎవరో అలా చేశారని తుంటి కుంగినవాడిని అదే గాటన కట్టేయడం మాత్రం అన్యాయం. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త రూల్స్ ఈ దుర్వినియోగం పేరు మీదే వచ్చాయి. పూర్తికాలం చేసి దిగేవాళ్లకు ఇప్పుడు ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అని వేరే పేరు పెట్టారు. అంతకు ముందు 2008 రూల్స్‌లోనే, చేరేటప్పుడు ఆరోగ్యం కాబట్టి సర్వీసే కారణం అనుకోవాలన్న మాట తీసేశారు. తీసేసినా సరే, బోర్డు కారణం రాయాల్సిందేనని ఆ 2025 తీర్పుల్లో ఢిల్లీ హైకోర్టు పట్టుబట్టింది. అందుకే ఆ తీర్పు నాకు నచ్చింది, మూడొందల మంది గెలిచారని కాదు.

మందు సంగతి కూడా దాచను. ఏవీఎన్‌కి మందు పెద్ద కారణం, మాలో తాగేవాళ్లు ఉన్నారు. ఎత్తు ప్రాంతాల్లో రమ్ము ఇచ్చేది మన సర్కారే అనే వాదన కొందరు చేస్తారు, అది నాకు ఎక్కదు, ఇచ్చిన పెగ్గుకీ కాంటీన్ సీసాకీ తేడా ఉంది. ఒకడి తుంటి మందు వల్లే పోయిందని బోర్డు నమ్మితే, ఆ మాట, దానికున్న ఆధారం రాయాలి. అప్పుడు వాడు నేను తాగనని సాక్ష్యం తెచ్చుకుంటాడు, లేదా నోరు మూసుకుంటాడు.

సెలవులో బైకు మీంచి పడి తొడ ఎముక మెడ విరిగిన కేసులు ఎక్కువ వస్తాయి నా దగ్గరికి. ఇక్కడ నేను ప్రభుత్వం వైపే. 2011లో జుఝార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, సెలవులో ఉన్నప్పుడు సర్వీసుతో సంబంధం లేని ప్రమాదం జరిగితే పెన్షన్ రాదంది, సబబే. బంధువుల పెళ్లికి వెళ్తూ పడితే అది ఫౌజు ఖాతా కాదు. కానీ ఇంటికి వెళ్లే ప్రయాణం, డ్యూటీకి తిరిగొచ్చే ప్రయాణం వేరు. మదన్ సింగ్ షెఖావత్ అని 1999 కేసు, సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని సెలవు మీద వెళ్తూ రైలు దగ్గర ప్రమాదంలో చెయ్యి పోగొట్టుకున్న జవాను, సర్కారు డబ్బుతో ప్రయాణం చెయ్యలేదు కాబట్టి పెన్షన్ లేదన్నారు. సుప్రీంకోర్టు ఆ సన్నాయి నొక్కులు ఒప్పుకోలేదు, పెన్షన్ ఇమ్మంది. సెలవు కేసుల్లో కనీసం ఒకటుంది, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే ఫౌజు లోపలి విచారణ, అడుగుతుంది. మెల్లగా చచ్చిన ఎముక గురించి ఎవరూ ఎంక్వైరీ చెయ్యరు.

నాకున్న అసలు అనుమానం వేరే. కారణాలు రాయమని మనం గట్టిగా అడిగితే, నేర్చుకుని రాస్తారు. నాలుగు పేజీలు, పుస్తకాల పేర్లతో, జవానుకు వ్యతిరేకంగా. ఇప్పుడు ఒక్క మాటలో కాదన్నారు కాబట్టే ట్రిబ్యునల్లో సులువుగా గెలుస్తున్నాం, రేపు మంచి ఇంగ్లీషులో కాదంటే ఓడిపోతామేమో. అమెరికా తీర్పుల్లో అలా పొడుగ్గా రాసిన డాక్టర్ల అభిప్రాయం మీద ఓడిన తుంటి కేసులు చాలానే చదివాను. మా సంఘంలో ఒక పెద్దాయన, సుబేదార్ మేజర్‌గా చేశాడు, ఇదే అన్నాడు: "నిద్రపోయే పామును లేపకోయ్, వాళ్లు తప్పు చేస్తున్నంత కాలం మనకే లాభం." ఆయన లెక్క తప్పని చెప్పలేను. కానీ ఆ లాభం కోర్టు దాకా వెళ్లగలిగినవాడికే. అప్పీలు జవాబులో ఆ ఒక్క వాక్యం చూసి, సాబ్‌లు కాదన్నారు అని కాగితం ట్రంకు పెట్టెలో పడేసేవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. వాళ్లకి పోట్లాడటానికి ఏదో ఒక కారణం కావాలి, తప్పుడు కారణమైనా సరే, కాదని చూపించడానికి ఏదో ఒకటి ఎదురుగా ఉండాలి. ఆలస్యమైతే ఇంకో దెబ్బ, ఆలస్యంగా కేసేసిన చాలామందికి వెనకటి బకాయి మూడేళ్లకే ఇచ్చారు, 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు చూపించి.

మావాడి రెండో అప్పీలు నేనే రాశాను. ఈసారి ధరమ్‌వీర్ సింగ్‌ని చివరి పేజీకి నెట్టాను. మొదటి పేజీ నిండా ప్రశ్నలే పెట్టాను. ఎంఐ రూములో గజ్జల నొప్పి అని రాసిన ఎంట్రీలు బోర్డు చూసిందా? మోకాలికి ఎక్స్‌రే తీసినప్పుడు తుంటి ఎందుకు తియ్యలేదు? స్టెరాయిడ్లు వాడినట్టు గానీ, తాగినట్టు గానీ సర్వీసు డాక్యుమెంట్లలో ఎక్కడైనా ఉందా? ఎమ్మారై తీసిన ఊరు పీస్ స్టేషన్ కావడానికీ ఎముకకు రక్తం ఆగడానికీ ఏమిటి సంబంధం? కుడి తొడ ఎన్ని డిగ్రీలు లేస్తోంది, ఎడమది ఎన్ని? సంతకం పెట్టేటప్పుడు వాడు అదంతా చదివి, ఇన్ని అడిగితే కోప్పడతారేమోరా అన్నాడు. పడితే పడనీ అన్నాను. కమిటీ దగ్గర ఇంకా పెండింగులోనే ఉంది. జవాబు వస్తే, ఎన్ని వాక్యాలున్నా సరే, పేరు తీసేసి ఇక్కడే పెడతాను.